కొడుకు ఎక్కించిన కారు

జూన్ 12

ఈ పుస్తకం నేను కాలవ మీద నీళ్ల కాపలా చేసినప్పటిది. సగం వరకూ ఏ పొలానికి ఎన్ని గంటల నీళ్లు వదిలానో రాసి ఉంది. మిగతా సగం ఖాళీ. ఉద్యోగం మానేసి ఏడేళ్లయింది, రాయడానికేమీ లేక పెట్టె అడుగున పడేశాను. ఈ రోజు రాయకపోతే గుండె పట్టేలా లేదు. ఎవరితో చెప్పుకున్నా సగమే చెప్పగలను.

ఉలార్ వచ్చాడు. నా కొడుకు వచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత.

నాకు డెబ్బై నిండాయని మా ఆవిడ సైరాకాన్ గొర్రెను కోయించి ఊరందరినీ పిలిచింది. మాంసం వడ్డిస్తుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. వెలుగు వెనకనుంచి వస్తోంది, మొహం కనపడలేదు. "లే నాన్నా" అన్నాడు. గొంతు పట్టి తెలిసింది. లేచాను. ఎలా లేచానో తెలియదు, మోకాళ్లు నొప్పనలేదు. జరీ అంచు పొడుగు కోటు నా భుజాల మీద కప్పి, చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించాడు. పెద్దవాణ్ణి గౌరవించాలంటే మావాళ్లు కోటు కప్పి గుర్రం ఎక్కిస్తారు. మా తాతని ఎక్కించారు. మా నాన్నకి ఆ భాగ్యం లేదు. నాకుంది. వాకిట్లో గుర్రం లేదు, కారుంది. ఎర్రది. జపాన్‌ది. రెండే తలుపులు. నా నడుమెత్తు లేదు, కానీ ముక్కు చూడు, పరుగుకి వంగిన గుర్రంలా ఉంది. "ఎక్కు నాన్నా" అన్నాడు. ముసలాళ్లందరూ చేతులు చాపి దీవించారు. ఏడ్చాను. రాస్తూ కూడా ఏడుస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే పోనీ.

తొమ్మిదేళ్లు ఎందుకు రాలేదో నాకు తెలుసు. తప్పు నాది. తల్లి చచ్చిన పిల్ల గుర్రాన్ని వాడు సీసాపాలు పట్టి పెంచాడు. మా అక్క కొడుకు మెల్స్ వచ్చి, "మామయ్యా, ఇది నాకిచ్చెయ్" అన్నాడు. మేనల్లుడు అడిగితే మేనమామ కాదనకూడదు. మా నాన్న కాదనలేదు, మా తాత కాదనలేదు. ఉలార్ పొలంలో ఉంటే, వాణ్ణి అడక్కుండా పగ్గం తీసి మెల్స్ చేతిలో పెట్టేశాను. వాడు వచ్చి ఖాళీ కట్టుకొయ్య చూశాడు. "నీ చేతిలో నేనేం పెట్టినా పరాయివాడి పాలే" అన్నాడు. మర్నాడు నగరానికి పోయాడు. పెళ్లి చేసుకున్నా, కూతురు పుట్టినా ఫోను వాళ్లమ్మకే.

ఎక్కించిన గుర్రాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇచ్చినవాడు బతికున్నంతకాలం. ఈసారి చెయ్యి జారనివ్వను. అల్లా సాక్షి.

జూన్ 13

తెల్లారి లేవగానే వెళ్లి చూశాను. ఉంది. కల కాదు.

జూన్ 17

ఉలార్ సోమవారమే వెళ్లిపోయాడు. నగరంలో ఇళ్లకి టైల్స్ వేసే పని, సెలవివ్వరట. ఇక ప్రతి ఆదివారం ఫోను చేస్తానన్నాడు. నాకు. వాళ్లమ్మకి కాదు, నాకు.

ఇవాళ సైరాకాన్‌ని ఎక్కించుకుని సరస్సు ఒడ్డు రోడ్డు మీద పోయాను. ఎంత హాయి. కప్పు తక్కువ ఎత్తు, నా ఊలు టోపీ పట్టదు, తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. మగవాడు టోపీ లేకుండా ఊళ్లో పోవడం బాగోదుగానీ లోపల ఎవరికి కనపడుతుంది. మా దేశంలో బళ్లు రోడ్డుకి కుడిపక్కన పోతాయి, ఇది జపాన్ బండి కాబట్టి స్టీరింగూ కుడివైపే. ముందు బండిని దాటాలంటే ఎదురొచ్చేది నాకు కనపడదు. ఎడమపక్కన కూర్చున్న ఆవిడే చూసి చెప్పాలి. "ఇప్పుడు దాటొచ్చా" అంటే "దాటు" అంటుంది, దాటుతుంటే "వద్దొద్దు" అంటుంది. నలభై నాలుగేళ్ల కాపురంలో నేను ఆవిడ మాట ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

దిగడం కొంచెం కష్టం. ఆవిడ ముందు దిగి రెండు చేతులూ పట్టి లాగింది. అలవాటవుతుంది.

జూన్ 21

ఆదివారం. ఫోను చేశాడు. "ఎలా ఉంది నాన్నా బండి" అన్నాడు. "ఎగురుతోంది" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పటిదే. సాయంత్రమంతా అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

మీట నొక్కితే రెండు హెడ్‌లైట్లూ బానెట్‌లోంచి పైకి లేవాలి. కుడిది లేస్తోంది, ఎడమది లేవడం లేదు. "ముసలోడా, నీ బండి ఊళ్లో కోడళ్లందరికీ కన్ను కొడుతోంది, జాగ్రత్త" అంది సైరాకాన్. చిన్న విషయం. ఉలార్‌కి చెప్పలేదు.

జూన్ 30

ఈ ఏడు ఎండ ఎక్కువ. ఊరి చివర ఎత్తు ఎక్కుతుంటే బానెట్ కిందనుంచి ఆవిరి వచ్చింది. ఎండకి మనుషులకే ఆవిరి వస్తోంది. ఆపి, కాలవలోంచి టోపీతో నీళ్లు పట్టుకొచ్చి పోశాను. గంటలో చల్లబడింది.

జూలై 4

ఇవాళ మబ్బు పట్టి ఉంది. అయినా ఆవిరి వచ్చింది.

జూలై 8

పట్నంలో గెన్నాదీ షెడ్డుకి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా మా చుట్టుపక్కల బళ్లన్నీ వాడి చేతిమీదుగానే బతుకుతున్నాయి. బానెట్ ఎత్తి ఒక్కో పైపూ నొక్కి చూశాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని అడిగాడు:

"పెద్దాయనా, మీకు శత్రువులెవరైనా ఉన్నారా?"

"ఎందుకు?"

"ఇది మీకు ఎవరు అంటగట్టారా అని."

"మా అబ్బాయి ఎక్కించాడు. డెబ్బై నిండాయని."

గెన్నాదీ మా జాతివాడు కాకపోయినా మా మధ్యే పుట్టి పెరిగినవాడు. ఎక్కించడమంటే ఏమిటో వాడికి తెలుసు. బానెట్ మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు మూసినట్టు మూశాడు.

"మంచి బండే" అన్నాడు. "కుర్రతనంలో బాగా పరిగెత్తించారు దీన్ని. రేడియేటర్ చీలింది. దాని పైపులు గట్టిబడి బిస్కెట్లలా విరుగుతున్నాయి. క్లచ్చు దగ్గర నూనె కారుతోంది. ఇంజనుకి గాలి ఊదే టర్బో పొగ తాగుతోంది. కింద రాళ్లు తగిలి ఇంజను నూనె గిన్నె సొట్టపోయింది. ముందు రేడియేటర్ మారుద్దాం."

"మారిస్తే బాగవుతుందా?"

"పాత గుడ్డకి కొత్త అతుకు వేస్తే ఏమవుతుంది పెద్దాయనా? పక్కన చిరుగుతుంది. అయినా వెయ్యాలిగా."

రెండు నెలల పింఛను. పోతే పోయింది, కొడుకు కంటే ఎక్కువా.

జూలై 12

"ఎగురుతోందా నాన్నా?"

"ఎగురుతోంది."

జూలై 23

కొత్త రేడియేటర్ బాగా పట్టింది. లోపల నీళ్ల ఒత్తిడి పెరిగి పక్క పైపు పగిలింది. పైపు వేస్తే దాని పై పైపు పగిలింది. గెన్నాదీ చెప్పినట్టే, పక్కన చిరుగుతోంది.

ఆగస్టు 3

క్లచ్చు పోయింది. తొక్కితే కాలు బురదలో దిగినట్టు దిగింది, తిరిగి రాలేదు. సరస్సు ఒడ్డున ఎండు చేపలు అమ్మే ఆడవాళ్ల ముందు ఆగిపోయాను. వాళ్లే తోశారు. తోస్తూ ఒకామె అడిగింది, "తాతా, ఇంత అందమైన బండి ఎక్కడ కొన్నావు, మా ఆయనకి చెప్పొద్దు, తనూ కొంటాడు". అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

సామాను నగరంలో లేదట. జపాన్ నుంచి రావాలి. మూడు వారాలు. బండి గెన్నాదీ షెడ్డులో. పక్కింటివాళ్లు ఎర్రది కనపడదేం అంటే రంగు వేయిస్తున్నానని చెప్పాను. డెబ్బై ఏళ్లు వచ్చాక అబద్ధాలు ఇంత సులువుగా వస్తున్నాయి.

ఆగస్టు 9

ఉలార్ వీడియో పంపమన్నాడు. నేను నడుపుతుంటే కోడలికి చూపించాలట, ఆ పిల్ల మామగారిని ఇంతవరకూ చూడలేదు. "రేపు పంపుతాను" అన్నాను. నోరు జారింది.

ఆగస్టు 10

గెన్నాదీ తాడు కట్టి షెడ్డు వెనక దిబ్బ మీదికి లాగిపెట్టాడు. నేను ఎక్కి కూర్చున్నాను. ఇంజను దింపేసి ఉంది, క్లచ్చు లేదు. బ్రేకు వదిలితే దానంతటదే దిగువకి దొర్లింది. సైరాకాన్ ఫోను పట్టుకుని కింద నిలబడి తీసింది. ఇంజను చప్పుడు లేదని ఎవరికీ తెలియకుండా గెన్నాదీ పక్కనే లారీ ఇంజను పెద్దగా రేపాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. మూడుసార్లు పైకి లాగాడు, మూడుసార్లు దొర్లాను. మూడోసారి బాగా వచ్చింది.

"ఇంతకంటే నిజం చెప్పెయ్యొచ్చుగా" అంది సైరాకాన్, ఇంటికి బస్సులో వస్తూ.

"ఏమని? నువ్వు నన్ను కుంటిగుర్రం ఎక్కించావనా? ఊరందరి ముందు ఎక్కించాడే. మళ్లీ పోతాడు. ఈసారి పోతే నేను బతికుండగా రాడు."

ఆవిడ కిటికీలోంచి సరస్సు చూస్తూ కూర్చుంది.

వాడి జవాబు వచ్చింది. ఇంట్లో ముగ్గురూ చూశారట. కోడలు "మామగారు కుర్రాడిలా ఉన్నారు" అందట. ఎంత మంచి పిల్ల.

ఆగస్టు 14

నా గోధుమరంగు గుర్రాన్ని కొండమీది మేతకి పంపాను. ఇక్కడ గడ్డి బాగాలేదు.

ఆగస్టు 16

పంపానని రాశాను. పుస్తకం నాది, చదివేదీ నేనే. ఇక్కడ కూడా అబద్ధమేనా.

అమ్మాను. క్లచ్చుకీ టర్బోకీ కలిపి గెన్నాదీ చెప్పిన మొత్తానికి గొర్రెలు చాలవు. కొనుక్కున్నవాడు తీసుకుపోతుంటే అది మెడ తిప్పి చూసింది. పన్నెండేళ్లు ఎక్కాను దాన్ని. మరీ బాధపడలేదు. ఒక మనిషికి రెండు గుర్రాలెందుకు.

ఆగస్టు 30

బండి వచ్చింది. క్లచ్చు వెన్నలా ఉంది. టర్బో ఈల వేస్తోంది. పొగ లేదు. వచ్చి ఐదు రోజులైంది, ఎక్కడా ఆగలేదు. ఎడమ కన్ను కూడా తెరిచింది. ఎంత అందంగా ఉందో, కడిగి తుడిచి వాకిట్లో పెట్టి చాయ్ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. ఎత్తు మాత్రం ఎక్కించడం లేదు. చదునైన రోడ్డు ఉండగా ఎత్తెందుకు.

సెప్టెంబర్ 9

వివరంగా రాయాలి.

మధ్యాహ్నం మెల్స్ వచ్చాడు. మా అక్క పోయి ఆరేళ్లు, అప్పటినుంచి రాలేదు. నలభై ఆరేళ్లవాడు, గడ్డిమోపుల వ్యాపారం. గేటు బయట గొంతు వినగానే సైరాకాన్ లోపల గొణిగింది, "మేనల్లుడు వచ్చే బదులు ఏడు తోడేళ్లు రావచ్చు". సామెతే అయినా గట్టిగానే అంది. నేను వినపడనట్టు వెళ్లి కౌగిలించుకున్నాను. మా అక్క నుదురు వాడికి వచ్చింది.

వాకిట్లో చాయ్ పెట్టాం. ఇద్దరు ఊరి పెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు, మేనల్లుడు చాలాకాలానికి వచ్చాడని. మెల్స్ చాయ్ తాగుతున్నాడుగానీ కళ్లు కారు మీదే. లేచి చుట్టూ తిరిగాడు. తలుపు తీసి వేశాడు. చక్రం తన్ని చూశాడు.

"మామయ్యా, దీన్ని నువ్వు నడుపుతున్నావా?"

"నడుపుతున్నాను."

"ఈ వయసులో? దిగేటప్పుడు క్రేను పిలుస్తావా?"

పెద్దలు నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని చాయ్ గిన్నె కింద పెట్టాడు.

"మామయ్యా, చిన్నప్పటినుంచి నిన్ను రెండే అడిగాను. మూడోది అడుగుతున్నా. ఈ ఎర్రది నాకివ్వు."

నా గుండె ఒక్క గెంతు గెంతింది. దేవుడి ముందు దాచేదేముంది, సంతోషంతోనే గెంతింది. ఒక్క మాట. ఇచ్చాను అంటే చాలు. ఆవిరి, పైపులు, జపాన్ సామాను, అబద్ధాలు, అన్నీ ఆ గేటులోంచి వాడి వెంట బయటికి పోతాయి. ఎవరూ తప్పు పట్టరు. మేనల్లుడు అడిగాడు, మేనమామ ఇచ్చాడు. ఎక్కించిన గుర్రమైనా మేనల్లుడి హక్కు పెద్దదే. పెద్దలిద్దరూ అప్పటికే నేను అవుననడం కోసం చేతులు దీవెనకి సిద్ధంగా పెట్టుకున్నారు. సైరాకాన్ గుమ్మంలో నిలబడి తల కొద్దిగా ఊపుతోంది, ఇచ్చెయ్ అని. ఆవిడ కూడా.

నోరు తెరిచాను.

ఖాళీ కట్టుకొయ్య ముందు నిలబడ్డ ఉలార్ కనిపించాడు. పందొమ్మిదేళ్లు. చేతిలో పాలసీసా.

"ఇవ్వను" అన్నాను.

మెల్స్ అర్థం కానట్టు చూశాడు. పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. ఈ చుట్టుపక్కల ఆ మాట మేనల్లుడితో అన్నవాణ్ణి నేను వినలేదు.

"మామయ్యా, నేను అడిగింది వినపడలేదేమో."

"వినపడింది. అది నా కొడుకు ఎక్కించింది. నేనివ్వడానికి లేదు."

"గుర్రప్పిల్ల కూడా నీ కొడుకుదే. అప్పుడిచ్చావుగా."

"అందుకే."

వాడి మొహం ఎర్రబడి తర్వాత తెల్లబడింది. "మా అమ్మ బతికుంటే ఈ మాట అనేవాడివా?"

"మీ అమ్మ బతికుంటే నీ చెవి మెలేసేది, ముందే వాడిది ఒకటి తీసుకున్నావని."

చాయ్ నేల మీద పారబోసి లేచి వెళ్లిపోయాడు. పెద్దలు కూడా ఎక్కువసేపు లేరు. వెళ్తూ ఒకాయన నా మొహం చూడకుండా అన్నాడు, "ఇనుము మీద ఇంత ప్రేమేమిటి ఒమురాలీ, రక్తం కంటే".

సెప్టెంబర్ 10

ఇవ్వాల్సింది.

సెప్టెంబర్ 10, సాయంత్రం

ఇవ్వకూడదు.

సెప్టెంబర్ 13

ఆదివారం. ఫోను రాలేదు. ఎక్కువ పని ఉండి ఉంటుంది.

సెప్టెంబర్ 17

ఊరంతా పాకింది. మసీదు దగ్గర నేను కూర్చుంటే పక్కవాళ్లు కొంచెం జరుగుతున్నారు. ఇప్పుడు ఆ బండిని అమ్మడం కాదు, ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేడు. మేనల్లుడికి కాదన్న వస్తువుని ఎవడు ముట్టుకుంటాడు. నేనూ అదీ ఒక తాడుతోనే కట్టేసి ఉన్నాం. మళ్లీ పొగ మొదలైంది, నీలంగా.

సెప్టెంబర్ 20

ఇవాళ కూడా ఫోను రాలేదు. పొద్దుటినుంచి ఫోను చొక్కా జేబులోనే పెట్టుకున్నాను, పడుకున్నప్పుడు కూడా. సైరాకాన్ చేసింది. ఎత్తలేదు. మెల్స్ వాడికి ఏం చెప్పాడో. దిబ్బ మీదనుంచి దొర్లిన సంగతి ఎవరైనా చెప్పారేమో.

సెప్టెంబర్ 26

ఉలార్ వచ్చాడు.

షేర్ టాక్సీలో దిగి సంచి గేటు దగ్గర పడేసి నన్ను వాటేసుకున్నాడు. ఎత్తి పట్టుకున్నాడు, నా కాళ్లు నేల మీద లేవు. "మెల్స్ ఫోను చేసి తిట్టాడు నాన్నా. ముప్పావు గంట. మీ నాన్నకి మతి పోయింది, నీ కారు కోసం నన్ను కాదన్నాడు అని. పని ముగించుకుని వద్దామని ఆగాను. ఫోనులో చెప్పే మాట కాదు ఇది." నా భుజం మీద తల పెట్టి నిలబడ్డాడు. వాడి జుట్టులో సిమెంటు వాసన. నా జీవితంలో ఇంతకంటే మంచి క్షణం లేదు, ఇక రాకపోయినా ఫరవాలేదు.

తర్వాత అన్నాడు, "పద నాన్నా, కొండ కనుమదాకా వెళ్లొద్దాం. నువ్వే నడుపు."

కనుమంటే అంతా ఎత్తే. మోకాలు నొప్పన్నాను. వానొస్తుందన్నాను. పెట్రోలు లేదన్నాను. డబ్బాతో తెచ్చి పోశాడు.

మూడో మలుపు దాకా ఎక్కింది, పాపం. అక్కడ ఒక్కసారిగా తెల్లటి ఆవిరి, ఏదో పగిలిన చప్పుడు. ఆగిపోయింది. "ఇంతవరకూ ఎప్పుడూ ఇలా లేదు" అన్నాను. ఉలార్ దిగి బానెట్ ఎత్తాడు. కొత్త రేడియేటర్, కొత్త పైపులు, టర్బో చుట్టూ కొత్త బిగింపులు, గెన్నాదీ కట్టిన తీగలు, అన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఆవిరి తగ్గేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఎప్పటినుంచి నాన్నా?"

"జూన్."

"జూన్‌లో ఎప్పుడు?"

"నువ్వు వెళ్లిన వారం."

రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. "అమ్మినవాడు చెప్పాడు" అన్నాడు నేల చూస్తూ. "ఎత్తులో ఉడుకుతుంది, చదునులో బాగుంటుంది అన్నాడు. నాన్న సరస్సు ఒడ్డునే తిరుగుతాడులే అనుకున్నాను. మంచిది కొనే స్తోమత లేదు. ఉత్త చేతులతో రాలేను. ఊళ్లో ఏ తండ్రీ ఎక్కనిదాని మీద ఎక్కించాను అనిపించుకోవాలనుకున్నాను."

వాడు తల ఎత్తి నన్ను చూశాడు. మూతి వంకర పోతోంది, ఏడుస్తాడనుకున్నాను.

"నాన్నా, అయితే మెల్స్‌కి ఇచ్చెయ్యకపోయావా. నా గుర్రానికి ఇంతకంటే మంచి పగ దొరుకుతుందా."

నవ్వు ముందు వాడికి వచ్చింది. తర్వాత నాకు. మెల్స్ ఈ మూడో మలుపులో టోపీతో నీళ్లు మోస్తున్నట్టు ఊహించుకుని ఊహించుకుని నవ్వాం. నా పక్కటెముకలు నొప్పిపుట్టి కారు పట్టుకుని నిలబడ్డాను.

వాడు కళ్లు తుడుచుకుని లేచాడు. "నువ్విక్కడే ఉండు. నేను ఇంటికెళ్లి మన గుర్రాన్ని తెస్తాను. తాడు కట్టి లాగిద్దాం."

నాకు నవ్వు ఆగిపోయింది.

"గుర్రం లేదురా."

"ఎక్కడుంది?"

బానెట్ కింద, పొగలు కక్కుతున్న ఆ కొత్త సామాను మీద చెయ్యి పెట్టబోయి, వేడికి తీసేశాను. "ఇందులో ఉంది" అన్నాను.

వాడు కనుమకేసి నాలుగు అడుగులు నడిచి ఆగాడు. నేను పిలవలేదు. పోతే అటునుంచి అటే పోతాడు, కనుమ అవతల బస్సులు దొరుకుతాయి. పోతాడనే అనుకున్నాను. వచ్చి నా తలుపు తీశాడు. "కూర్చో నాన్నా" అన్నాడు.

వాడు తోసి బండిని దిగువకి తిప్పాక వంతెనదాకా దానంతటదే దొర్లింది. అక్కడినుంచి ఇంటిదాకా చదును, రెండు కిలోమీటర్లు, వాడు తోశాడు. పట్టపగలు, ఊరి మధ్యనుంచి. నేను స్టీరింగు పట్టుకుని టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జనం గేట్ల దగ్గరికి వచ్చి చూశారు. ఎవరో అరిచారు, "ఉలార్, నువ్వే గుర్రమయ్యావేంట్రా?" వాడు రొప్పుతూ, తల కూడా ఎత్తకుండా, "మరి? ఎక్కించినవాడిదేగా మోత" అన్నాడు.

సిగ్గుపడాలి. పడలేదు.

సెప్టెంబర్ 28

గెన్నాదీ ఇంటికొచ్చి చూశాడు. ఇంజను తలకాయ పగిలిందట. తల ఊపి, "పాతది ఒకటి జపాన్ నుంచి రావాలి, ఆరు వారాలు" అన్నాడు. ఉలార్ షెడ్డుకి పంపొద్దన్నాడు. వాకిట్లోనే తనే విప్పుతాడట, గెన్నాదీ చెప్పినట్టు చేస్తూ. పనికి ఫోను చేసి, జీతం పోయినా సరే బండి నడిచేదాకా రానన్నాడు, కోడల్నీ పిల్లనీ ఇక్కడికే రమ్మన్నాడు.

పొద్దుటినుంచి బండి కిందే ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. పదమూడో నంబరు స్పానర్ అడుగుతాడు, నేను పన్నెండు ఇస్తాను, "కళ్లజోడు పెట్టుకో నాన్నా" అంటాడు. కళ్లజోడు పెట్టుకునే ఇస్తున్నాను.

ఆరు వారాలంటే నవంబరు. అప్పటికి కనుమ మీద మంచు పడుతుంది, లారీలు ఆగిపోతాయి. సామాను వేళకి రాకపోవచ్చు కూడా. ఏ సామానూ ఆలస్యంగా రావాలని నేనింతవరకూ కోరుకోలేదు.